మూలదేశ నిర్ధారణ

ఒక దేశంలోకి దిగుమతి అయిన వస్తువును ఏ దేశంలో తయారైనదిగా లెక్కించాలో తేల్చే ప్రక్రియను మూలదేశ నిర్ధారణ అంటారు. ఇందుకు వాడే సూత్రాలను మూలదేశ నియమాలు అంటారు. ఒకే నేలపై పండిన మిరపకాయ, ఒకే గనిలో తవ్వితీసిన ముడి ఇనుము వంటివాటి విషయంలో సందేహమేమీ ఉండదు. చిక్కంతా విడిభాగాలు ఒకచోట తయారై, వాటి కూర్పు మరొకచోట జరిగే వస్తువులతోనే వస్తుంది. కొరియాలో చేసిన తెర, తైవానులో చేసిన చిప్పు, చైనాలో చేసిన బ్యాటరీ కలిపి వియత్నాంలో బిగించిన ఫోను ఏ దేశానిది? అది ఏ రేవునుండి ఓడ ఎక్కిందన్నది ఈ ప్రశ్నకు సమాధానం కాదు. ఎగుమతి చేసిన దేశమూ మూలదేశమూ వేరువేరు కావచ్చును.

అవసరం

అన్ని దేశాల వస్తువులపైనా ఒకే సుంకం ఉంటే ఈ విషయాన్ని ఎవరూ ఇంతగా పట్టించుకొనేవారు కారు. వాస్తవంలో సుంకం దేశాన్ని బట్టి మారుతుంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశపు సరుకుకు సుంకం తగ్గుతుంది లేదా పూర్తిగా తొలగిపోతుంది. మరొక దేశపు సరుకుపై డంపింగ్ నిరోధక సుంకం అదనంగా పడుతుంది. ప్రభుత్వ కొనుగోళ్ళలో కొన్ని దేశాల వస్తువులకు అసలు అవకాశమే ఉండదు. కాబట్టి మూలదేశం మారితే వ్యాపారి లాభం నష్టంగా మారవచ్చు, కర్మాగారం ఒక దేశంనుండి మరొక దేశానికి తరలిపోవచ్చు. దిగుమతి గణాంకాలు, వస్తువుపై వేసే ముద్ర కూడా దీనిపైనే ఆధారపడి ఉంటాయి.

ముద్రల చరిత్ర

వస్తువుపై తయారీ దేశం పేరు వేయించే పద్ధతి 19వ శతాబ్దం చివరలో బలపడింది. బ్రిటన్ 1887లో చేసిన వాణిజ్య చిహ్నాల చట్టం వలన విదేశీ సరుకులపై ఆ దేశం పేరు కనబడవలసి వచ్చింది. జర్మనీనుండి వచ్చే చౌక సరుకును కొనుగోలుదారులు గుర్తుపట్టి దూరంగా ఉంటారన్నది అప్పటి ఆలోచన. జరిగింది మాత్రం వేరు. కొన్ని దశాబ్దాలలోనే "మేడిన్ జర్మనీ" అన్న ముద్ర నాణ్యతకు గుర్తుగా పేరుపడింది. అమెరికాలో 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టంతో ఇటువంటి నిబంధన వచ్చింది. 1930 నాటి సుంకాల చట్టంలోని 304వ సెక్షను నేటికీ అక్కడ దిగుమతి వస్తువుల ముద్రలకు ఆధారం.

గణనీయ రూపాంతరం

విడిభాగాలు అనేక దేశాలవి అయినప్పుడు, వస్తువుకు చివరిసారిగా గణనీయమైన రూపాంతరం ఎక్కడ జరిగిందో ఆ దేశమే మూలదేశమన్నది ప్రపంచంలో ఎక్కువగా అంగీకరించిన సూత్రం. ఏది "గణనీయం" అన్నదానిపైనే వాదమంతా. ఇందుకు అమెరికా న్యాయస్థానాల తీర్పులు మంచి ఉదాహరణలు.

1908లో ఆన్‌హైజర్-బుష్ అనే బీరు సంస్థ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆ సంస్థ స్పెయిన్‌నుండి బెండు బిరడాలు తెప్పించి, వాటి రుచి బీరుకు అంటకుండా శుద్ధిచేసి, పూత వేసి, సీసాలకు బిగించి, ఆ బీరును ఎగుమతి చేసేది. శుద్ధి చేయడంతో అవి అమెరికాలో తయారైన వస్తువులు అయ్యాయి కాబట్టి కట్టిన సుంకం తిరిగి ఇవ్వాలని కోరింది. ఎంత శుద్ధిచేసినా బిరడా బిరడాయేనని కోర్టు తేల్చింది. కొత్త పేరు, కొత్త స్వభావం లేదా కొత్త ఉపయోగం గల వేరొక వస్తువు పుట్టాలని చెప్పింది. పేరు, స్వభావం, ఉపయోగం అనే ఈ మూడు మాటలే ఆ తరువాతి తీర్పులన్నింటికీ పునాది.

1940లో గిబ్సన్-థామ్సెన్ కేసు వచ్చింది. జపాను నుండి వచ్చిన చెక్క పిడులకు అమెరికాలో కుచ్చు బిగించి దంతాల బ్రష్షులు, తల దువ్వే బ్రష్షులు చేసేవారు. పిడి బ్రష్షు కాదు. కుచ్చు చేరిన తరువాతనే అది బ్రష్షు అవుతుంది. కనుక రూపాంతరం జరిగినట్లే అన్నారు. 1982లో యూనిరాయల్ కేసులో ఇండోనేషియానుండి వచ్చిన బూటు పైభాగాలకు అమెరికాలో అడుగుభాగం అతికించారు. అక్కడ ఫలితం తారుమారైంది. బూటుకు ప్రాణం పైభాగమే, అడుగు అతికించడం దానితో పోలిస్తే చిన్న పని అని కోర్టు భావించింది. రెండూ బిగింపు పనులే అయినా, ఒకచోట విడిభాగానికి సొంత గుర్తింపు లేదు, మరొకచోట ముందే ఉన్నది. ఈ తేడాను అర్థం చేసుకుంటే మిగతా తీర్పులు చాలావరకు తేలికగానే బోధపడతాయి.

2016లో వచ్చిన ఎనర్జైజర్ తీర్పు బిగింపు కర్మాగారాలకు గట్టి హెచ్చరిక. సుమారు 50 విడిభాగాలను, దాదాపు అన్నీ చైనావే, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో కూర్చి ఒక టార్చిలైటు తయారుచేశారు. ఆ భాగాలన్నీ టార్చిలైటు కోసమే ముందుగా ఉద్దేశించినవి, కూర్పు పని క్లిష్టమైనది కాదు కాబట్టి అది చైనా వస్తువేనని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. భాగాల సంఖ్య ఎక్కువగా ఉన్నంత మాత్రాన రూపాంతరం జరిగినట్లు కాదన్నమాట.

హైదరాబాదుతో సంబంధం ఉన్న మందుల కేసు

ఇదే వాదం మందుల విషయంలోనూ వచ్చింది. హైదరాబాదుకు చెందిన అరబిందో ఫార్మా సమూహంలోని ఆరోలైఫ్ అనే సంస్థ, భారతదేశంలో తయారైన క్రియాశీల పదార్థంతో న్యూజెర్సీలో ఎంటెకావిర్ మాత్రలు చేసేది. ఇవి కాలేయానికి సోకే హెపటైటిస్-బి వ్యాధికి వాడే మాత్రలు. మాత్రగా మార్చినంతలో ఆ పదార్థం రూపాంతరం చెందలేదు, కాబట్టి ఇది భారతదేశపు వస్తువు అని అమెరికా కస్టమ్స్ విభాగం భావించింది. భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ వారి ప్రభుత్వ కొనుగోళ్ళ ఒప్పందంలో సభ్యదేశం కాదు. అందువలన మాజీ సైనికుల ఆసుపత్రులకు ఆ మాత్రలు అమ్మే దారి మూసుకుపోయింది. అమ్మకపు సంస్థ అసెట్రిస్ కోర్టుకు వెళ్ళగా, 2020లో ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానం వేరుగా చెప్పింది. ప్రభుత్వం కొంటున్నది మాత్రనే కాని అందులోని పదార్థాన్ని కాదు, మాత్ర అమెరికాలోనే తయారైనది అన్నది. ఈ తీర్పు ప్రభుత్వ కొనుగోళ్ళకు సంబంధించినది. సుంకం లెక్కకు దీనిని యథాతథంగా తీసుకోరాదు.

శీర్షిక మార్పు

రూపాంతరం అనే మాటలో అభిప్రాయభేదానికి చోటెక్కువ. అందుచేత వాణిజ్య ఒప్పందాలలో కొలవదగిన పద్ధతులను వాడతారు. వాటిలో మొదటిది సుంకపు శీర్షిక మార్పు. 1988నుండి అమలులో ఉన్న హార్మొనైజ్డ్ సిస్టమ్ ప్రకారం ప్రతి వస్తువుకూ ఆరంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు అధ్యాయాన్ని, నాలుగంకెలు శీర్షికను, ఆరంకెలు ఉపశీర్షికను తెలుపుతాయి. సైకిలు శీర్షిక 8712, సైకిలు విడిభాగాల శీర్షిక 8714. విదేశీ భాగాలతో సైకిలు బిగిస్తే 8714లోని సరుకు 8712లోకి మారుతుంది. కేవలం శీర్షిక మార్పు చాలుననే ఒప్పందంలో ఇది సరిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక సైకిలుకు కావలసిన భాగాలన్నీ ఒకే పెట్టెలో విప్పి పంపితే, వర్గీకరణ సూత్రాల ప్రకారం ఆ పెట్టెను కూడా పూర్తి సైకిలుగానే, అంటే 8712లోనే లెక్కిస్తారు. అప్పుడు బిగించినా శీర్షిక మారదు.

విలువ శాతం

రెండవ పద్ధతి, వస్తువు విలువలో ఎంత భాగం ఆ దేశంలో చేరిందో చూడడం. భారత్-ఆసియాన్ ఒప్పందంలోని సాధారణ నియమం ప్రకారం ఓడరేవు ధరలో కనీసం 35 శాతం ప్రాంతీయ విలువ ఉండాలి, దానితోపాటు ఉపశీర్షిక కూడా మారాలి. ఒక యంత్రం ఓడరేవు ధర 10,000 రూపాయలు, అందులో బయటి భాగాల విలువ 6,400 రూపాయలు అనుకుందాం. మిగిలినది 36 శాతం కాబట్టి సుంకం రాయితీ దక్కుతుంది. బయటి భాగాల ధర 6,800 రూపాయలకు పెరిగితే మిగిలేది 32 శాతమే, రాయితీ పోతుంది. కర్మాగారంలో ఏమీ మారకపోయినా, డాలరు మారకపు విలువ మారినంత మాత్రాన వస్తువు "దేశం" మారిపోవచ్చు. ఈ పద్ధతిలోని పెద్ద లోపం ఇదే.

2000లో అమలులోకి వచ్చిన భారత్-శ్రీలంక ఒప్పందంలోనూ 35 శాతం నియమమే ఉంది. అయినా చౌకగా దిగుమతి చేసుకున్న పామాయిలుతో శ్రీలంకలో వనస్పతి చేసి సుంకం లేకుండా భారతదేశానికి పంపడం, రాగి విషయంలోనూ అటువంటి వ్యాపారం పెరగడం ఆ దశాబ్దంలో పెద్ద వివాదమైంది.

మూడవ పద్ధతి, ఏ పని ఎక్కడ జరగాలో పేరుపెట్టి చెప్పడం. ఇది బట్టలు, రసాయనాల విషయంలో ఎక్కువ.

ఐరోపాలో

1989లో బ్రదర్ సంస్థ కేసులో, జపాను భాగాలతో తైవానులో బిగించిన టైప్‌రైటర్ల విషయమై ఐరోపా న్యాయస్థానం, బిగింపుతో చేరిన విలువ 10 శాతంకన్న తక్కువైతే అది ఎటూ చాలదని పేర్కొన్నది. వాణిజ్య సుంకాలను తప్పించుకోవడానికే ఉత్పత్తిని తరలిస్తే ఏమవుతుందన్నది హార్లే-డేవిడ్‌సన్ కేసులో తేలింది. ఐరోపా అదనపు సుంకాల దృష్ట్యా ఆ సంస్థ కొన్ని మోటారుసైకిళ్ళ ఉత్పత్తిని థాయిలాండుకు మార్చగా, ఆ తరలింపుకు ఆర్థికపరమైన సమర్థన లేదన్న ఐరోపా కమిషన్ నిర్ణయాన్ని 2024లో న్యాయస్థానం నిలబెట్టింది.

ఒకే వస్తువు, రెండు దేశాలు

ఒకే వస్తువుకు ఒకేసారి రెండు మూలదేశాలు ఉండడం వింతగా తోచవచ్చు. 2018లో చైనా భాగాలతో మెక్సికోలో బిగించిన విద్యుత్ మోటార్ల గురించి అమెరికా కస్టమ్స్ ఇచ్చిన నిర్ణయంలో, ముద్ర వేయడానికి మెక్సికో, చైనాపై వేసిన అదనపు సుంకానికి చైనా మూలదేశాలుగా తేలాయి. రెండు అవసరాలకు రెండు వేర్వేరు నియమాలు ఉండడమే ఇందుకు కారణం.

గణాంకాలకు కూడా ఈ తిప్పలు తప్పవు. షింగ్, డెటెర్ట్ అనే ఆర్థికవేత్తలు 2010లో వెలువరించిన అధ్యయనం ప్రకారం ఐఫోన్ 3జీ తయారీ ఖర్చు 178.96 డాలర్లు కాగా, అందులో చైనాలో జరిగిన బిగింపు వాటా 6.50 డాలర్లు మాత్రమే. దిగుమతి లెక్కలలో మాత్రం మొత్తం విలువ చైనా ఖాతాలోనే పడింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ 1995లో అమలులోకి తెచ్చిన మూలదేశ నియమాల ఒప్పందం, ఒప్పందేతర వాణిజ్యానికి మూడేళ్ళలో అన్ని దేశాలకూ ఒకే నియమావళి తయారు కావాలని సంకల్పించింది. ఆ పని ఇప్పటికీ పూర్తికాలేదు.

భారతదేశంలో

2020కి ముందు ఎగుమతి దేశం ఇచ్చిన ధ్రువపత్రం చూపితే చాలావరకు రాయితీ లభించేది. ఆ సంవత్సరం కస్టమ్స్ చట్టంలో 28డీఏ సెక్షనును చేర్చారు. దాని కింద చేసిన నిబంధనలు 2020 సెప్టెంబరు 21నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం విదేశంలో ఏ పని జరిగింది, విలువ ఎలా లెక్కించారు అన్న వివరాలు దిగుమతిదారు వద్ద ఉండాలి, వాటిని కనీసం ఐదేళ్ళు భద్రపరచాలి. సమాచారం చాలకపోతే అధికారి రాయితీని నిలిపి, ఎగుమతి దేశంతో విచారించవచ్చు. చిన్న దిగుమతిదారుకు ఇది భారమే, ఎందుకంటే విదేశీ కర్మాగారం తన ఖర్చుల వివరాలను కొనుగోలుదారుకు చెప్పడానికి తరచు ఇష్టపడదు.

వినియోగదారులకు సంబంధించినంతవరకు, దిగుమతి చేసి ప్యాకెట్లలో అమ్మే వస్తువులపై మూలదేశం పేరు ఉండాలని తూనికలు కొలతల శాఖ నిబంధనలు చెబుతున్నాయి. ఈ-కామర్స్ సంస్థలు కూడా ఆ వివరాన్ని చూపాలి. ప్రభుత్వ కొనుగోళ్ళ వేదిక జెమ్ 2020 జూన్‌లో దీనిని తప్పనిసరి చేసింది. అయితే ప్యాకెట్టుపై కనిపించే ఆ ఒక్క పేరునుబట్టి లోపలి భాగాలు ఎక్కడివో తెలుసుకోవడం సాధ్యం కాదు.