చిన్న ఎర, పెద్ద చేప

వేసవి సెలవుల పిమ్మట పాఠశాల తెఱచిన మొదటి వారమున, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు కాగితపు పొట్లము తెచ్చి మా బల్లపై విప్పెను. అందులో చెంచా ఆకారముగల ఇత్తడి ఎర యొకటి యుండెను. దాని తోకకు వ్రేలాడు మూడు కొక్కెములలో రెండు సూదులవలె తిన్ననై పోయినవి. వానిని చెంచాకు తగిల్చిన రింగు నోరు తెఱచుకొని యున్నది. "సార్, మా ఊరి చెరువులో వాలుగ పడ్డది. ఒడ్డుదాకా వచ్చి పోయింది. పది కిలోల దారం కట్టిన. అది తెగలేదు. మరి ఎందుకు పోయింది?" అని యడిగెను.

అతని తండ్రి కామాఠిపురలో దర్జీ. ఆ యెర వెల వారింట రెండు దినముల కూరల ఖర్చు. కనుక ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. తెలిసినవారి నడిగి, ప్రయోగశాలలోని స్ప్రింగు త్రాసుతో పరీక్షించి, గ్రహించిన దానిని ఇచట వ్రాయుచున్నాము.

చెంచా ఎరను నీటిలో లాగినపుడు అది ప్రక్కలకు ఊగుచు, గాయపడిన చిన్న చేపవలె మెఱయును. ఇతర చేపలను తిని బ్రదుకు వాలుగ, కొఱ్ఱమట్ట, పండుగప్ప మొదలగునవి దానిపై దుముకును. చేప ఆకారపు ఎరలును కలవు. ఫిన్లాండు దేశమున 1936 లో లౌరి రపాలా అను జాలరి బెండును చేపవలె చెక్కి, చాక్లెట్లకు చుట్టు తగరపు రేకు అతికి తన మొదటి ఎరను చేసెను. నేడు అంగళ్లలో దొరకు ఎరలలో పెక్కు చిన్న చేపలనుద్దేశించి చేసినవి. పెద్ద చేపయు వానిని చూచి మోసపోవును. చేపను మోసగించుటకు చాలిన ఎర దానిని నిలుపుటకును చాలునని యెంచుటయే మన బాలుడు చేసిన పొరపాటు.

దారము, ముడి, రింగు, కొక్కెము ఒకదాని వెంట నొకటి కట్టబడి యున్నవి. చేప లాగునపుడు ఆ లాగుడు అన్నిటిపైనను సమానముగా పడును. వానిలో ఏది బలహీనమో అదియే ముందు లొంగును. అట్టి రింగునే మఱియొకదానిని కిటికీ ఊచకు కట్టి త్రాసుతో లాగితిమి. ముల్లు ఐదు కిలోలు చేరకమునుపే రింగు నోరు విప్పెను. పది కిలోల దారము అచట వృథా!

మూడు కొక్కెముల గాలమునకు మఱియొక లోపము కలదు. బరువు పెరుగకుండుటకై దానిని సన్నని తీగతో చేయుదురు. చేప మెలిక తిరిగినపుడు, దవడకు వెలుపల తగులుకొన్న కొక్కెము, నోటిలో దిగినదానిని మీటవలె పెకలించును. ఇది క్రొత్త సంగతి కాదు. మద్రాసు సివిల్ సర్వీసులోని హెన్రీ సల్లివాన్ థామస్ 1873 లో ప్రకటించిన 'ది రాడ్ ఇన్ ఇండియా' అను గ్రంథమున, మహసీర్ చేప నోటి ఒత్తిడికి నలిగిపోని గట్టి గాలములు కావలెనని హెచ్చరించెను.

కావున చేయవలసిన దేమన: పాత రింగును, మూడు కొక్కెములను పక్కడుతో తీసివేసి, మందమైన ఉక్కు రింగును, లావుపాటి ఒంటి కొక్కెమును తగిలింపవలెను. ముడిని బిగించుటకు ముందు తడుపవలెను. తడుపనిచో రాపిడి వేడికి నైలాను దారము బలము కోల్పోవును. పండుగప్ప మొప్పల అంచు కత్తివలె నుండును. వంజరము పండ్లు మఱియు వాడియైనవి. వంజరమునకు ఎర ముందు జానెడు ఉక్కుతీగ యుండవలెను. (వీనినే వరళి బజారులో జితాడా, సుర్మై అందురు. మన పెద్దలలో పలువురు పాలమూరు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చినవారు. చెరువు చేపల పేర్లు తెలుగులోను, సముద్రపు చేపల పేర్లు మరాఠీలోను నేర్చిరి. రెండును పిల్లలకు తెలియుట మేలు.)

ఇంతటితో పని ముగియదు. కొక్కెము బరువెక్కినచో చెంచా ఊగుట మాని కఱ్ఱవలె వచ్చును. తేలవలసిన బెండు ఎర మునిగిపోవును. ఎనిమిదవ తరగతివారు ఆర్కిమిడీసు సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక! అందుచే తీసివేసిన వాని బరువును, చేర్చిన వాని బరువును తూచి సరిచూడవలెను. తరువాత బకెట్టు నీటిలో వేసి తేలునో లేదో చూచి, నిలిచిన నీటిలో లాగి దాని నడక పరీక్షింపవలెను. ఈ పని కంసాలి త్రాసుతో మేము చేసితిమి. మొదట తెచ్చిన కొక్కెము పనికిరాలేదు, రెండవది కుదిరినది.

ఎంత గట్టిగా కట్టినను దారమును బిగపట్టి లాగరాదు. చక్రమునకు బిగింపు మర యుండును. దారపు బలములో మూడవ వంతు లాగుడు పడగనే చక్రము జాఱునట్లు ఆ మరను త్రిప్పవలెను. పది కిలోల దారమైనచో మూడు కిలోలకే జాఱవలెను. చేప పరుగెత్తి అలసిపోవును.

తల్లిదండ్రులకు ఒక్క మాట. వరళి సముద్రతీరమున జనుల నడుమ పిల్లలు ఎర విసరుట మేము చూచియున్నాము. మూడు కొక్కెములు వ్రేలిలో దిగినచో ఆసుపత్రికి పోక తప్పదు. ఒంటి కొక్కెమునకు ఎదురుముల్లు నొక్కివేసినచో మనిషికిని, విడిచిపెట్టు చేపకును బాధ తక్కువ. పొవాయి సరస్సున మొసళ్లున్నవి. అచట అనుమతి లేక గాలము వేయరాదు, నీటిలో దిగరాదు. వానకాలమున సముద్రపు బండలపైకి పిల్లలను పంపనే రాదు.

బాలుని తాత ఆ తిన్ననైన కొక్కెములను చూచి నవ్వి, చూరునుండి తన పాత గాలమును తీసి చూపెనట. కమ్మరి చేసిన లావుపాటి ఒంటి కొక్కెము, దానికి పురికొస త్రాడు. కప్పను గ్రుచ్చి కొఱ్ఱమట్టను పట్టుటకు ఆయన వాడినది అదియే. మేము వారములపాటు తూచి, లాగి కనుగొన్న కొక్కెము ఇంచుమించు దాని మందమే యున్నది. ఇత్తడి చెంచాకు దానిని తగిలించి యిచ్చితిమి. దీపావళి సెలవులలో బాలుడు ఊరికి పోవునపుడు దానిని తాతగారికి ముందు చూపెదనని చెప్పెను.