డిస్క్ బ్రేకు సైకిలుకు కొత్త చక్రాలు: డబ్బు కట్టే ముందు సరిచూసుకోవలసినవి

ఆదివారం తెల్లవారుజామున చిక్కబళ్ళాపురం నుంచి నంది కొండ వైపు వెళ్ళే దారిలో నిలబడితే సైకిళ్ళ వరుస కనిపిస్తుంది. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళే కాదు, మన తెలుగు ఇళ్ళ పిల్లలు కూడా అందులో ఉంటున్నారు. చదువులు, ఉద్యోగాల మధ్య ఒంటికి మంచిదైన అలవాటు ఒకటి పట్టుకున్నారని మన సంఘం వాళ్ళందరికీ సంతోషమే.

ఇటీవల మన సభ్యుడొకరు ఒక జత చక్రాలు పట్టుకుని సంఘం గదికి వచ్చారు. కొడుకు సైకిలు కోసం, పట్టుగూళ్ళు అమ్మిన డబ్బులోంచి 28 వేలు పెట్టి తెప్పించారు. చక్రాలు మంచివే. కానీ సైకిలుకు పట్టలేదు. ఇరుసు ఒక రకం, గేర్ల పళ్ళచక్రం ఎక్కే భాగం మరో రకం. అట్టపెట్టె విప్పాక వెనక్కి తీసుకోమని అమ్మినవారు చెప్పేశారు. ‘చక్రమంటే చక్రమే కదన్నా, ఎట్ల పట్టకుండా పోతుంది?’ అని ఆయన అడిగిన మాటకు అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత అనుభవమున్న సైకిలు పిల్లలనూ, మెకానిక్కునూ కూర్చోబెట్టుకుని తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాం. మరో ఇంట్లో ఇలా డబ్బు పోకూడదన్నదే మా ఉద్దేశం.

అసలు మార్చాలా?

తక్కువ ధరలో వచ్చే డిస్క్ బ్రేకు రోడ్ సైకిళ్ళకు కంపెనీ బిగించి ఇచ్చే చక్రాల జత, టైర్లు కాకుండా, సుమారు 2 కిలోలు ఉంటుంది. అందుబాటు ధరలో దొరికే మంచి అల్యూమినియం జత సుమారు 1,600 గ్రాములు. అంటే తగ్గేది 400 గ్రాములు. తొక్కేవారూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుంటే ఇది అర శాతం. నంది కొండను 30 నిమిషాల్లో ఎక్కే పిల్లవాడికి కలిసొచ్చేది మహా అయితే 9 సెకన్లు. రిమ్ము దగ్గర తగ్గిన బరువుకు వేగం అందుకునేటప్పుడు దాదాపు రెట్టింపు విలువ ఉంటుందన్నది నిజమే. అయినా మొత్తం మీద అది చిన్న లెక్కే.

కాబట్టి బరువు ఒక్కటే చూసి కొనవద్దు. వెడల్పైన రిమ్ము, ట్యూబు లేకుండా నడిచే వీలు, నీళ్ళకు ఓర్చుకునే హబ్బు, తేలికగా బెండు పోని పుల్లలు - అసలు లాభం వీటిలో ఉంది. పాత చక్రాలు బాగానే తిరుగుతుంటే ముందు మంచి టైర్లు వేయించి చూడండి. తక్కువ ఖర్చులో ఎక్కువ తేడా తెలిసేది అక్కడే.

పట్టడానికి నాలుగు కొలతలు

మొదటిది ఇరుసు. ఇప్పటి డిస్క్ బ్రేకు రోడ్ సైకిళ్ళలో ఎక్కువ భాగానికి త్రూ ఆక్సిల్ ఉంటుంది. ముందు 12 మి.మీ. లావు, 100 మి.మీ. వెడల్పు, వెనుక 12 మి.మీ. లావు, 142 మి.మీ. వెడల్పు. పాతవాటిలో, చవక రకాల్లో క్విక్ రిలీజ్ ఉంటుంది. దానికి ముందు 100, వెనుక 135. కొన్ని హబ్బులకు చివరి మూతలు మారిస్తే రెండు రకాలకూ పడతాయి, కొన్నింటికి ఆ వీలు లేదు. ఏ రకమో కొనకముందే అడగాలి.

రెండోది డిస్కు బిగింపు. సెంటర్ లాక్ అని ఒక పద్ధతి, ఆరు బోల్టులది మరొక పద్ధతి. సెంటర్ లాక్ హబ్బు మీద ఆరు బోల్టుల డిస్కును అడాప్టర్ పెట్టి బిగించవచ్చు. ఆరు బోల్టుల హబ్బు మీద సెంటర్ లాక్ డిస్కును పెట్టడం సాధారణంగా కుదరదు. డిస్కు కొలత 140 అయినా 160 అయినా ఇప్పుడున్నదే కొనసాగించాలి.

మూడోది ఫ్రీహబ్. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. షిమానో గేర్లు ఉంటే హెచ్‌జీ రకం కావాలి. 11 గేర్ల రోడ్ హబ్బు మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్ వేయాలంటే సాధారణంగా 1.85 మి.మీ. స్పేసరు వేయాలి. స్రామ్ వారి 12 గేర్ల రోడ్ క్యాసెట్‌లో చిన్న చక్రానికి 10 పళ్ళుంటే ఎక్స్‌డీఆర్ రకం అవసరం. షిమానో 12 గేర్ల రోడ్ క్యాసెట్ పాత 11 గేర్ల హబ్బు మీద ఎక్కుతుంది. కానీ 12 గేర్ల కోసమే చేసిన కొన్ని షిమానో హబ్బుల మీద 11 గేర్ల క్యాసెట్ ఎక్కదు. పేరు ఒకటే కదా అని నమ్మకండి.

నాలుగోది వెడల్పు. రిమ్ము లోపలి వెడల్పు 19 నుంచి 23 మి.మీ. మధ్య ఉంటే 28 మి.మీ. టైరుకు సరిపోతుంది. వెడల్పైన రిమ్ము మీద అదే టైరు ఇంకాస్త లావుగా కూర్చుంటుంది. ఫ్రేములో అంత సందు ఉందో లేదో కొలిచి చూసుకోవాలి.

గాలి విషయం - ఇది ప్రాణాల మాట

టైరు అంచును పట్టి ఉంచడానికి రిమ్ములోపల కొక్కెంలాంటి అంచు ఉంటుంది. కొన్ని కొత్త రిమ్ములకు ఈ కొక్కెం ఉండదు. వీటిని హుక్‌లెస్ అంటారు. వీటికి ట్యూబ్‌లెస్ రకం టైరే, అదీ రిమ్ము కంపెనీ ఒప్పుకున్నదే వేయాలి. గాలి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ, దాటకూడదు. మన ఊళ్ళలో సన్న టైరంటే రాయిలా గట్టిపడేదాకా, నూరు పీఎస్ఐ వరకూ కొట్టే అలవాటుంది. హుక్‌లెస్ రిమ్ము మీద అలా కొడితే టైరు ఊడిపోవచ్చు. కొండ దిగేటప్పుడు అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కొత్తగా కొనేవారు కొక్కెం ఉన్న రిమ్మే తీసుకోవడం మేలని మా అభిప్రాయం. దాని మీద మామూలు టైరూ ట్యూబూ కూడా వేసుకోవచ్చు. అయితే దానికీ టైరు మీద, రిమ్ము మీద రాసిన గరిష్ఠ హద్దుల్లో ఏది తక్కువో అదే లెక్క.

పుల్లలు, హబ్బు

రిమ్ బ్రేకులో ఆపే బలం రిమ్ము మీదే పడుతుంది. డిస్క్ బ్రేకులో ఆ బలం హబ్బు దగ్గర పుట్టి పుల్లల గుండా రిమ్ముకు చేరుతుంది. అందుకే డిస్కు చక్రాల పుల్లలను ఒకదానిమీద ఒకటి దాటేలా అల్లుతారు. చక్రానికి 24 పుల్లలు మామూలు మనిషికి చాలు. 85, 90 కిలోలు దాటినవారు, గతుకుల దారిలో తిరిగేవారు 28 ఉన్నవి తీసుకుంటే నిశ్చింత. కంపెనీ రాసిన బరువు హద్దు కూడా చూడాలి.

పుల్ల తల దగ్గర వంపు తిరిగినదైతే విరిగినప్పుడు దొరకడం సులువు. తిన్నగా ఉండే ప్రత్యేక రకమైతే బెంగళూరులోనూ వెతుక్కోవాలి. హబ్బులో షిమానో వారి గోళీల రకం అయితే విప్పి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించవచ్చు. ఏడాదికోసారైనా ఆ పని చేయించాలి. సీల్డ్ బేరింగ్ రకం అయితే అరిగినప్పుడు బేరింగే మార్చేస్తారు. దాని నంబరు అడిగి రాసి పెట్టుకోండి.

కార్బనా, అల్యూమినియమా?

రిమ్ బ్రేకు రోజుల్లో దిగువ దారిలో కార్బన్ రిమ్ము వేడెక్కుతుందన్న భయం ఉండేది. డిస్కులో రిమ్మును బ్రేకు తాకదు కాబట్టి ఆ భయం లేదు, రిమ్ము అరిగిపోవడమూ లేదు. లోతైన కార్బన్ రిమ్ము చదును దారిలో వేగంగా పోయేవారికి ఉపయోగమే. పక్కగాలికి ముందు చక్రం లాగుతుంది, అది అలవాటు కావాలి. కానీ గుంతలో పడి అల్యూమినియం రిమ్ము కొద్దిగా వంగితే చాలాసార్లు సరిచేయవచ్చు. కార్బన్ పగిలితే సాధారణంగా రిమ్మే మార్చాలి. పేరూ వారంటీ లేని చవక కార్బన్ కంటే, అదే డబ్బుకు పేరున్న అల్యూమినియం జత నయం.

ఖర్చు మొత్తం రాసుకోండి

చక్రాల ధర ఒక్కటే ఖర్చు కాదు. డిస్కులు, క్యాసెట్, టేపు, వాల్వులు, సీలెంటు, టైర్లు, బిగింపు కూలి కూడా కలపాలి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ రుసుము వేరు. మంచి పనివాడు అందుబాటులో ఉంటే హబ్బు, రిమ్ము, పుల్లలు విడిగా కొని అల్లించుకోవడం కూడా చక్కని దారి. ఏది పాడైనా దాన్నే మార్చుకోవచ్చు, బెండు తీసే మనిషీ దగ్గరే ఉంటాడు.

బిగించాక బ్రేకు డిస్కుకు రాసుకుంటోందేమో చూసి కాలిపర్‌ను సర్దాలి. డిస్కుకు నూనె చేయి తగలనివ్వకూడదు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక పుల్లల బిగువు ఒకసారి చూపించాలి. పాత చక్రాలు పారేయవద్దు, వానాకాలానికి పనికొస్తాయి.

ఇంతకీ ఆ సభ్యుడి చక్రాల సంగతి. ఆ హబ్బు మూతలు, ఫ్రీహబ్ మార్చగలిగే రకం కావడం అదృష్టం. విడిభాగాలు తెప్పించి బిగించారు. మరికొన్ని వేలు అదనంగా అయ్యాయి, మూడు వారాలు పట్టింది. పిల్లవాడు ఇప్పుడు ఆ చక్రాల మీదే కొండ ఎక్కుతున్నాడు. ముందే ఒక కాగితం మీద నాలుగు కొలతలు రాసుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది.

కొనాలనుకుంటున్న పిల్లలకూ తల్లిదండ్రులకూ మా విన్నపం ఒక్కటే. ఇరుసు, డిస్కు బిగింపు, ఫ్రీహబ్, టైరు వెడల్పు - ఈ నాలుగూ రాసిన కాగితంతో ఆదివారం సంఘం గదికి రండి. తెలిసిన పిల్లలు అక్కడ ఉంటారు, సైకిలు పక్కన పెట్టి సరిచూసి చెబుతారు. డబ్బు ఆ తర్వాత కట్టండి.