జూదము – చట్టము : నేర్పా? అదృష్టమా?

జూదమును గూర్చి మన పెద్దలు చెప్పిన హెచ్చరికలు క్రొత్తవి కావు. ధర్మరాజంతటివాడు పాచికలాటలో రాజ్యమును, తమ్ములను, తుదకు ద్రౌపదిని సైతము ఒడ్డి కోల్పోయిన కథ తెలుగునాట పసిపిల్లలకును తెలియును. పవిత్ర ఖురానులో 'మైసిర్' అను పేర జూదము మద్యముతో పాటు నిషేధింపబడినది. ఇందరు వలదనుచున్నను జూదము మాత్రము నశింపలేదు. నశింపని దానిని ప్రభుత్వము ఏమి చేయవలెను? పూర్తిగా నిషేధింపవలెనా? లేక హద్దులు గీచి, పన్ను వసూలు చేసికొని ఊరకుండవలెనా? ఈ ప్రశ్నకు మన దేశపు చట్టము కాలక్రమమున ఇచ్చిన సమాధానములను పాఠకుల ముందుంచుటయే మా ఉద్దేశము.

ఈ విషయమును మేము ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. మాతో చదువుకొనిన మిత్రుడొకడు పరీక్ష రుసుము కొరకు ఇంటి నుండి తెచ్చుకొనిన సొమ్మును సెల్ ఫోనులో రమ్మీ ఆడి ఒక్క రాత్రిలో పోగొట్టుకొనెను. పోయిన దానిని రాబట్టవలెనని అప్పు చేసెను, అదియు పోయెను. "ఇది జూదము కాదు, నేర్పుతో ఆడు ఆట, సుప్రీం కోర్టే చెప్పినది" అని అతడు మాతో వాదించెడివాడు. అతని మాటలో సగము సత్యము కలదు. ఆ సగము సత్యమే అతనిని ముంచినది. అది యెట్లో క్రింద వివరింతుము.

పూర్వపు కట్టుబాట్లు

జూదమును అదుపులో నుంచు ప్రయత్నము మన దేశమున చాల పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రములో ద్యూతాధ్యక్షుడను అధికారి కనబడును. జూదము ఒకేచోట జరుగునట్లు చూచుట, గెలుపు సొమ్ములో నూటికి ఐదు చొప్పున వసూలు చేయుట, మోసపు పాచికలు వాడినవారిని దండించుట అతని విధులు. నేడు మనము లైసెన్సు, పన్ను, తనిఖీ అని పిలుచు మూడును అందులోనే యున్నవి.

ఆంగ్లేయుల పాలనలో 1867వ సంవత్సరమున పబ్లిక్ గాంబ్లింగ్ చట్టము వచ్చెను. జూదగృహమును నడుపువారిని, అందు పట్టుబడినవారిని శిక్షించుట దీని ప్రధానోద్దేశము. అయితే కేవలము నేర్పుపై ఆధారపడిన ఆటలకు ఈ చట్టము వర్తింపదని 12వ సెక్షను చెప్పెను. ఈ ఒక్క మినహాయింపే తరువాతి వివాదములన్నిటికిని మూలము. నిజాం రాజ్యమునకు వేరుగా 1305 ఫసలీ నాటి హైదరాబాదు గాంబ్లింగ్ చట్టము ఉండెను.

స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగము పందెములు, జూదము అను విషయమును ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 34వ అంశముగా చేర్చినది. కావుననే ఒక రాష్ట్రములో నేరమైనది వేరొక రాష్ట్రములో వ్యాపారమగుచున్నది. ఆంధ్రప్రదేశ్ 1974లో తన గేమింగ్ చట్టమును చేసికొనెను. అందును నేర్పు ఆటల మినహాయింపు నిలిచియుండెను.

సికింద్రాబాదు క్లబ్బు కథ

నేర్పు ఆట యేది, అదృష్టపు ఆట యేది అను ప్రశ్నకు దేశమంతటికిని దారి చూపిన వ్యాజ్యము మన జంటనగరములలోనే పుట్టినది. 1963లో సికింద్రాబాదులోని ఒక వినోద క్లబ్బుపై పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుచున్నవారిపై హైదరాబాదు చట్టము క్రింద కేసు పెట్టిరి. అది సుప్రీం కోర్టు వరకు వెళ్లెను. 1967లో తీర్పు వ్రాసినవారు తదుపరి భారత ప్రధాన న్యాయమూర్తియైన జస్టిస్ హిదాయతుల్లా గారు.

మూడు ముక్కలాట వంటిది కేవలము అదృష్టము. రమ్మీ అట్లు కాదు. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది ఉంచుకొనవలెనో ఏది విడువవలెనో యోచింపవలెను. కావున రమ్మీలో నేర్పే ప్రధానమని కోర్టు నిర్ణయించి నిందితులను విడిచిపెట్టెను. మా మిత్రుడు చెప్పిన సగము ఇదియే.

అతడు చదువని రెండవ సగము కూడ ఆ తీర్పులోనే కలదు. ఆటను ఆడించువాడు పందెపు సొమ్ము నుండి లాభము తీసికొనుచున్నచో, అట్టిచోట రమ్మీ సైతము నేరము కావచ్చునని కోర్టు సూచించెను. అనగా ఆట స్వభావమొక్కటే కాక, దానిని నడుపువాని లాభమును కూడ చూడవలెనన్నమాట. తరువాత 1996లో గుఱ్ఱపు పందెములు సైతము నేర్పుపై ఆధారపడినవని అదే కోర్టు చెప్పెను.

కాసినోలు గల రాష్ట్రములు

కాసినోలకు అనుమతి నిచ్చిన చోట్లు మన దేశమున బహు కొద్ది. గోవాలో 1976 నాటి చట్టమును 1992లో సవరించి పెద్ద నక్షత్రపు హోటళ్లలో యంత్రముల ఆటలకును, 1996లో నీటిపై తేలు ఓడలలో బల్లలపై ఆడు ఆటలకును దారి తీసిరి. పణజి వద్ద మాండవీ నదిలో దీపములతో మెరయు ఓడలు ఆ సవరణ ఫలితములే. సిక్కిం 2002లో కాసినోల చట్టమును, 2008లో ఆన్‌లైను ఆటల చట్టమును చేసెను. పర్యాటకుల రాక, ఖజానాకు ఆదాయము ఈ అనుమతులకు చెప్పబడిన కారణములు.

కాసినో వాడు మోసము చేయనవసరము లేదు. గణితమే వానికి చాలును. రౌలెట్టు చక్రముపై 37 గడులుండును. ఒక గడిపై రూపాయి ఒడ్డి గెలిచినవానికి పందెముతో కలిపి 36 రూపాయలు మాత్రమే ఇత్తురు. అనగా ఎంత న్యాయముగా చక్రము త్రిప్పినను, ఒడ్డిన ప్రతి నూరు రూపాయలలో సగటున 2 రూపాయల 70 పైసలు యజమానికి మిగులును. సెల్ ఫోను రమ్మీలో ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోరాడుదురు గాని, ప్రతి ఆటలోను నడుపువాడు తన వంతును ముందే తీసికొనును. సమానమైన నేర్పు గల ఇరువురు రాత్రంతయు ఆడిరేని, తెల్లవారునప్పటికి ఇరువురి సొమ్మును తరిగియుండును. జస్టిస్ హిదాయతుల్లా గారు చెప్పిన రెండవ సగము ఎంత విలువైనదో ఇపుడు బోధపడును.

ఇంటింటికి వచ్చిన జూదము

పూర్వము జూదగృహమునకు ఒక వాకిలి ఉండెడిది. పోలీసులు ఆ వాకిలి తట్టెడివారు. ఆన్‌లైను ఆటకు వాకిలి లేదు. అది విద్యార్థి జేబులో నుండును, అర్ధరాత్రియు మూతపడదు. ఈ మార్పును గుర్తించి 2017లో తెలంగాణ ప్రభుత్వము తన చట్టమును సవరించి, నేర్పు ఆటల మినహాయింపును తొలగించి, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైను రమ్మీని సైతము నిషేధించెను. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టెను. అయితే తమిళనాడు చేసిన ఇట్టి సవరణను 2021లో మద్రాసు హైకోర్టును, కర్ణాటక సవరణను 2022లో ఆ రాష్ట్ర హైకోర్టును కొట్టివేసెను. నేర్పు ఆటను నడుపుట రాజ్యాంగము రక్షించు వృత్తియనియు, దానిని జూదముతో సమానముగా నిషేధింపరాదనియు కంపెనీల వాదము.

మరొక వైపున పన్నుల చట్టము కఠినమయ్యెను. 2023 అక్టోబరు 1 నుండి ఆటగాడు జమచేయు పూర్తి మొత్తముపై నూటికి 28 వంతుల జి.ఎస్.టి. విధింపబడెను. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 వంతులయ్యెను.

తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైను ఆటల చట్టమును ఆమోదించెను. 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించెను. నేర్పా, అదృష్టమా అను పాత ప్రశ్నను ఈ చట్టము ప్రక్కకు నెట్టినది. సొమ్ము పెట్టి, సొమ్ము ఆశించి ఆడు ఆన్‌లైను ఆట యేదైనను నిషిద్ధమే. అట్టి ఆటను నడుపువారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేయువారికి రెండేండ్లు, ఏబది లక్షలు. చెల్లింపులకు తోడ్పడిన సంస్థలు కూడ శిక్షార్హములే. పందెము లేని వినోదపు ఆటలకును, ఈ-స్పోర్ట్సుకును ప్రోత్సాహము కలదు. ఆడినవానికి మాత్రము ఈ చట్టము శిక్ష విధింపలేదు. అతడు నేరస్థుడు కాడు, నష్టపడినవాడు అని దాని భావము.

ఈ చట్టమును కంపెనీలు వేర్వేరు హైకోర్టులలో ప్రశ్నించెను. 2025 సెప్టెంబరులో సుప్రీం కోర్టు ఆ పిటిషన్లను తనకు బదిలీ చేసికొనెను. నిషేధము వలన ఉద్యోగములు పోవుననియు, ఆటగాళ్లు విదేశపు రహస్య సైట్లకు తరలుదురనియు విమర్శ కలదు. ఈ విమర్శను తేలికగా త్రోసివేయరాదు. అయినను మూతపడని జూదగృహమును ప్రతి విద్యార్థి చేతికిచ్చి, ఓడిననాడు అది అతని నేర్పులోని లోపమనుట న్యాయము కాదని మా అభిప్రాయము.

మనము చేయదగినది

చట్టము వాకిలి మూయగలదు గాని మనస్సును మూయలేదు. మా మిత్రుడు అప్పు కంటె సిగ్గుతోనే ఎక్కువ కృంగెను. ఇంటివారికి చెప్పుటకు మూడు నెలలు పట్టెను. చెప్పిన దినమున అతని తండ్రి కోపింపలేదు. "ముందే చెప్పియుండరాదా, నాయనా" అని మాత్రమనెను. ఇట్టి చిక్కులో నున్న సోదర విద్యార్థులకు మా మనవి ఇది: పోయిన దానిని ఆడి రాబట్టవలెనను తలంపే అసలు ఉచ్చు. అచ్చటనే ఆగి, నమ్మినవారికి చెప్పుడు. మనస్సు కలతపడినచో ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నెంబరుపై తెలుగులోను మాటలాడవచ్చును.

రుసుము గడువు దాటిన విద్యార్థిని దండించుటకు ముందు కారణమడిగి తెలిసికొను ఏర్పాటును కళాశాల కమిటీ పెద్దలు ఆలోచింతురని ఆశించుచున్నాము. నేర్పుతో గెలువదగిన ఆటలు జీవితమున అనేకము కలవు. వానిలో పందెము మన శ్రమ. దాని నుండి ఎవ్వడును తన వంతు ముందే తీసికొనడు.