ఇల్లు అమ్మేటప్పుడు మంచం లెక్క వేరు, అల్మరా లెక్క వేరు

అద్దెకిచ్చే ఇంట్లో సామాన్లు కూడా పెట్టిస్తే నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని మనందరికీ తెలుసు. మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ అంటూ ఒక్కొక్కటే కొని పెడతాం. తీరా ఇల్లు అమ్మే రోజొచ్చేసరికి 'అన్నీ కలిపి ఇంత' అని గంపగుత్తగా బేరం కుదుర్చుకుంటాం. ఆదాయపు పన్ను వాళ్ళకి ఆ గంపగుత్త పనికిరాదు. వాళ్ళ దృష్టిలో గోడకు అతుక్కున్నది ఒకటి, మోసుకెళ్ళేది మరొకటి.

ఈ తేడా ఎంత డబ్బు చేస్తుందో మా వదిన ఫ్లాటు అమ్మినప్పుడు దగ్గరుండి చూశాను. వదిన రిటైరైన టీచరు. అన్నయ్య పోయాక పెన్షనూ, కూకట్‌పల్లి ఫ్లాటు అద్దే ఆధారం. ఫ్లాటు మొదటినుంచీ ఆవిడ పేరు మీదే ఉంది. 2011 ఆగస్టులో రిజిస్ట్రేషను ఖర్చులతో కలిపి 32 లక్షలు పడింది. మరుసటి ఏడాది ఇంకో 5 లక్షలు పెట్టి వంటింట్లో అరలు, పడగ్గదుల్లో గోడ అల్మరాలు, కిటికీలకు గ్రిల్స్ చేయించింది. ఆ తర్వాత అద్దెకున్నవాళ్ళ కోసం కొన్న సామాన్లు మరో 3 లక్షల 40 వేలు. మోకాళ్ళ నొప్పులతో ఒంటరిగా ఉండలేక, వైజాగ్‌లో కూతురి దగ్గరకు వెళ్ళిపోదామని 2025 నవంబరులో అమ్మకానికి పెట్టింది. సామాన్లతో సహా 79 లక్షలకు బేరం కుదిరింది.

అప్పుడు బ్రోకరు ఓ సలహా పట్టుకొచ్చాడు. "మేడమ్, ఫ్లాటుకి 69 లక్షలు, సామాన్లకి 10 లక్షలని వేరే కాగితం రాద్దాం. కొనేవాళ్ళకి రిజిస్ట్రేషను ఖర్చు తగ్గుతుంది, మీకు పన్ను తగ్గుతుంది" అన్నాడు. పదేళ్ళనాటి ఫ్రిజ్, కిర్రుమనే మంచాలు... అన్నీ కలిపినా లక్ష దాటవు. వాటికి 10 లక్షలట!

వదిన తొందరపడకుండా ఆడిటరు గారి దగ్గరకు వెళదామంది. తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన అడిగిన మొదటి మాట, "అమ్మా, వడ్రంగి బిల్లులున్నాయా?" అని.

ఎందుకంటే గోడకు బిగించిన అరలు, అల్మరాలు, గ్రిల్స్ ఇంటికి చేసిన మెరుగుల కిందికి వస్తాయి. వాటి ఖర్చుని ఇల్లు కొన్న ధరకి కలుపుకోవచ్చు. మంచాలు, ఫ్రిజ్‌ల ఖర్చు అలా కలపడానికి లేదు. ఏటా వేసే సున్నాలు, కుళాయి రిపేర్లూ అంతే. అద్దె ఆదాయంలో రిపేర్లూ గట్రా ఖర్చుల కింద 30 శాతం ఎలాగూ తగ్గిస్తున్నారు కదా.

ఇక లెక్క చూడండి. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే, ఇక్కడ నివాసం ఉండేవాళ్ళకి రెండు దారులున్నాయి. ధరల సూచీ ప్రమేయం లేకుండా లాభం మీద 12.5 శాతం కట్టడం ఒకటి. కొన్న ధరని సూచీ ప్రకారం పెంచి, మిగిలిన లాభం మీద 20 శాతం కట్టడం రెండోది. ఏది తక్కువైతే అది. (ఇల్లు అమెరికాలో స్థిరపడ్డ పిల్లల పేరున ఉంటే ఈ రెండో దారి లేదు. ఆ సంగతి గుర్తుంచుకోండి.) వదిన 32 లక్షలు సూచీ ప్రకారం సుమారు 65 లక్షల 39 వేలయింది. అరలు, అల్మరాల 5 లక్షలు 9 లక్షల 40 వేలయింది. ఫ్లాటుకి న్యాయంగా 78 లక్షలు రాస్తే మిగిలిన లాభం 3 లక్షల 21 వేలు, పన్ను 64 వేల చిల్లర. వడ్రంగి బిల్లులు లేకపోతే అదే పన్ను 2 లక్షల 52 వేలు! సెస్సు వేరే అనుకోండి.

పాత రేకుపెట్టెలో వదిన ఆ బిల్లు దాచింది. చేత్తో రాసిన కాగితమే, కానీ చెక్కు ఇచ్చినట్టు పాస్‌బుక్కులో ఎంట్రీ ఉంది. ఆ రెండూ కలిస్తేనే బలం.

మరి బ్రోకరు దారిలో వెళితే? ఫ్లాటు మీద పన్ను ఉండదు, నిజమే. కానీ 3 లక్షల 40 వేలకు కొన్న సామాన్లు 10 లక్షలకు అమ్మినట్టు చూపిస్తే 6 లక్షల 60 వేలు లాభం కింద లెక్క. సామాన్లకి సూచీ సౌకర్యం లేదు. 12.5 శాతం చొప్పున 82,500 కట్టాలి. నిజం రాస్తే అయ్యేదానికంటే అబద్ధమే ఖరీదు! పైగా ఫ్లాటుకి ప్రభుత్వం కట్టిన విలువ మనం రాసిన ధరకంటే 10 శాతానికి మించి ఎక్కువుంటే, వాళ్ళు ఆ విలువనే పట్టుకుంటారు.

"మన సొంత మంచాలకి పన్నేమిటండీ?" అని వదిన అడిగింది. మనం వాడుకునే ఇంటి సామాను అమ్మితే ఈ పన్ను లేదు. అద్దెవాళ్ళ కోసం కొన్నవాటికి సొంత వాడకమని చెప్పుకోలేం. అయినా పాత సామాను కొన్న ధరకంటే ఎక్కువకి ఎక్కడ పోతుంది? లాభం లేనిచోట పన్నూ లేదు.

కొందరు ఇంటికో అద్దె, సామాన్లకో అద్దె విడివిడిగా రాయించుకుంటారు. అలాంటివాళ్ళు సామాన్ల మీద ఏటా తరుగుదల తీసేసుకుని ఉంటే, అమ్మేటప్పుడు కొన్న ధర పనికిరాదు, తరుగు పోగా మిగిలిన విలువే లెక్క. వదినకి ఆ గొడవ లేదు.

చివరికి ఫ్లాటు 78 లక్షలకు రిజిస్టరైంది. సామాన్లకి జాబితా రాసి, ఒక్కొక్కదానికి ఎదురుగా ధర వేసి, లక్ష రూపాయలకి వేరే చెక్కు తీసుకున్నారు. జాబితా మీద ఇద్దరూ సంతకాలు చేశారు. ఫ్లాటు ధర 50 లక్షలు దాటింది కనుక కొన్నాయన 1 శాతం, అంటే 78 వేలు పట్టుకుని వదిన పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టాడు. అది పోయిన డబ్బు కాదు, రిటర్ను వేసేటప్పుడు మన పన్నులోంచి తగ్గుతుంది. ఆ సర్టిఫికెట్టు కూడా వదిన రేకుపెట్టెలోకే వెళ్ళింది.