నల్గొండ మట్టిలో రోము వెండి

ఒకనాడు తొమ్మిదవ తరగతిలో సాంద్రత పాఠం చెబుతున్నాను. ఉదాహరణకు బాగుంటుందని, మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు దొరికిన సంగతి ఎత్తాను. వెనుక బెంచీలో ఒక అబ్బాయి లేచి, “సార్, నాకు దొరికితే కరిగించి మా అమ్మకు కడియాలు చేయిస్త!” అన్నాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదలలేదు. ఎందుకంటే, రెండు వేల ఏళ్ల క్రితం మన పూర్వులు కూడా ఆ నాణేలను ఇంచుమించు ఆ అబ్బాయి కంటితోనే చూశారు!

అదెలాగో చూద్దాం. ముందుగా ఒక చిన్న లెక్క చేయండి.

ఆ కుప్ప విలువ ఎంత?

ఆ వెండి నాణెం పేరు దినారియస్. అక్కెనపల్లి నాణేలలో అధిక భాగం అగస్టస్ (క్రీ.పూ. 27 - క్రీ.శ. 14), టైబీరియస్ (క్రీ.శ. 14 - 37) చక్రవర్తుల కాలం నాటివి. ఆ రోజుల్లో ఒక దినారియస్ తూకం దాదాపు 3.9 గ్రాములు. దానిని 1,531తో గుణించండి. దాదాపు 6 కిలోల వెండి! అప్పట్లో రోము సైన్యంలో ఒక సామాన్య సైనికునికి ఏడాదికి 225 దినారియస్‌లు జీతం. అంటే ఆ కుప్ప ఒక సైనికుని ఏడేళ్ల జీతానికి కొంచెం తక్కువ.

మరి అంత సొమ్ము సముద్రం దాటి, రాళ్ల గుట్టల మధ్య ఉన్న మన చెలకల్లోకి ఎలా వచ్చింది?

గాలి తెచ్చిన ఓడలు

ఎండాకాలంలో నేల త్వరగా వేడెక్కుతుంది. సముద్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ చోటికి సముద్రం మీది గాలి వచ్చి చేరుతుంది. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలు ఇవే. ఈ గాలిని నమ్ముకొనే రోమన్ వర్తకుల ఓడలు జూలై ప్రాంతంలో ఈజిప్టులోని ఎర్రసముద్రపు రేవుల నుంచి బయలుదేరేవి. చలికాలంలో గాలి దిక్కు మారగానే తిరుగు ప్రయాణం కట్టేవి. ఒక్క మయోస్ హోర్మోస్ రేవు నుంచే ఏటా 120 ఓడలు భారతదేశానికి వెళ్లేవని స్ట్రాబో అనే గ్రీకు భూగోళ శాస్త్రవేత్త రాశాడు.

ఆ ఓడలు ఆగే పడమటి రేవుల్లో పేరున్నది భరుకచ్ఛం, అంటే నేటి గుజరాత్‌లోని భరూచ్. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన ‘పెరిప్లస్’ అనే పుస్తకం ప్రకారం, అక్కడి నుంచి దక్షిణంగా 20 రోజులు నడిస్తే శాతవాహనుల పైఠాన్ నగరం. అక్కడి నుంచి తూర్పుగా మరో 10 రోజులు నడిస్తే తగర పట్టణం. దారి సరిగా లేని సీమలో బండ్ల మీద సరుకు సాగేది. తగర నుంచి ఇంకా తూర్పుకు వస్తే మన తెలంగాణ పీఠభూమి, దానిని దాటితే కృష్ణా నది, దాని చివర తూర్పు రేవులు.

ఆ తూర్పు రేవుల్లో ఒకటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల. అక్కడి శాసనంలో ‘మహానావికుడు’ అనే మాట ఉంది. అంటే ఓడ నాయకుడు! ఇప్పుడు ఘంటసాలకు వెళ్లి సముద్రం ఎక్కడని చూస్తే కనపడదు. కృష్ణమ్మ ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు తీరాన్ని ముందుకు నెట్టింది. ఈ సీమలో సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని కూడా ‘పెరిప్లస్’ చెబుతున్నది.

బట్టలు, మిరియాలు, రత్నాలు అటు వెళితే వెండి బంగారాలు ఇటు వచ్చేవి. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్స్‌లు లాగేస్తున్నదని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. 4 సెస్టర్స్‌లు ఒక దినారియస్. ఎన్ని దినారియస్‌లో మీరే లెక్క కట్టండి.

రాజు బొమ్మా, లోహమా?

మీ జేబులోని రూపాయి బిళ్లను తీసి చూడండి. అది స్టెయిన్‌లెస్ స్టీలు. అందులోని లోహాన్ని చూసి దుకాణదారు మీకు సరుకు ఇవ్వడు. ప్రభుత్వం ఇచ్చిన మాటను చూసి ఇస్తాడు. దేశం దాటితే ఆ మాట చెల్లదు.

అగస్టస్ మాట కూడా నల్గొండ సీమలో చెల్లదు గదా! ఇక్కడి ప్రజల చేతిలో తిరిగిన నాణేలు వేరు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒక కుండలో 3,730 నాణేలు దొరికాయి. అవన్నీ సీసపువి. రోము వెండి ఇక్కడికి డబ్బుగా కన్నా లోహంగా వచ్చింది.

దీనికి సాక్ష్యం నాణేలే చెబుతాయి. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దినారియస్ తూకం దాదాపు 3.4 గ్రాములకు తగ్గించి, వెండిలో రాగి పాలు పెంచాడు. భారతదేశంలో దొరికిన వెండి దినారియస్‌లలో ఎక్కువ భాగం అంతకు ముందువే. మన వర్తకులు రాజు బొమ్మకు మోసపోలేదు. మంచి వెండినే ఏరుకున్నారు.

కొన్ని నాణేల మీద ఉలిగాట్లు కూడా ఉన్నాయి. పైన వెండి రేకు, లోపల రాగి ఉన్న దొంగ నాణేలు ఆ రోజుల్లోనూ ఉండేవి. గాటు పెడితే లోపలి రంగు బయటపడుతుంది. మనకైతే ఉలి అక్కర లేదు. 100 నాణేలు కలిపి 390 గ్రాములు తూగాయనుకోండి. వెండి సాంద్రత 10.5. కనుక అవి నీటిలో దాదాపు 37 ఘనపు సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తాయి. అదే తూకం గల రాగి (సాంద్రత 8.96) అయితే 43.5. ఒక్క నాణేనికీ గాటు పడకుండానే నిజం తెలుస్తుంది!

నీట మునిగిన నగరం

ఈ వర్తకం నీడలోనే పట్టణాలు పెరిగాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ, కృష్ణ ఒడ్డున వెలిగింది. అక్కడ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఒక శాసనంలో ‘దీనారి’ అనే మాట ఉంది. అది దినారియస్ నుంచి వచ్చిందే. చుట్టూ ఇటుక మెట్లున్న ఆటస్థలాన్ని చూసి రోమన్ క్రీడాశాలలను తలచుకొన్న పండితులున్నారు.

నాగార్జునసాగర్ నీటిలో ఆ లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను తరలించి కొండ మీదా, అనుపు వద్దా తిరిగి నిలిపారు. అలా తవ్వి ఉండకపోతే ఆ నగరం గురించి మనకు ఎంత తెలిసేది?

ఇక మా అబ్బాయి కడియాల మాట. మరునాడు తరగతిలో వాడిని అడిగాను: “కరిగించావు సరే. ఇప్పుడు ఆ ముద్ద ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పు?” వాడు కొంచెంసేపు ఆలోచించి, “వెండి అంత ఒక్క తీరే ఉంటది గద సార్” అన్నాడు. అదే అసలు సంగతి! కరిగితే రాజు బొమ్మ పోతుంది, ఉలిగాటు పోతుంది, నీరో కథ పోతుంది. కరిగించకపోయినా, తలా ఒకటి పంచుకొంటే ఏవి ఏవితో కలిసి ఉన్నాయో తెలియకుండా పోతుంది. నాణేలతో పాటు అవి ఉన్న కుండ, ఆ కుండ ఉన్న చోటు కూడా సాక్ష్యమే.

కనుక రేపు మీ చెలకలో నాగలికి కుండ తగిలితే కదిలించకండి. పెద్దలకు చెప్పి కలెక్టరుకు తెలియజేయించండి. 1878 నాటి నిధుల చట్టం చెప్పేది అదే. ప్రభుత్వం నిధిని తీసుకొంటే విలువ కట్టి ఇచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. కడియాలు ఆ సొమ్ముతోనూ చేయించవచ్చు!