నయాపూల్ నుంచి కలకత్తా మైదానానికి: క్రీడాకారుల బదిలీ – జపాన్ బేస్‌బాల్ పద్ధతితో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక ప్రాంతం తీర్చిదిద్దిన క్రీడాకారుడు మెరుగైన అవకాశం కోసం మరోచోటికి వెళ్తే, అతణ్ణి తయారుచేసిన సంస్థకు దక్కేదేమిటి? జపాన్ బేస్‌బాల్ ఈ ప్రశ్నకు లిఖితపూర్వకమైన సమాధానం ఇచ్చింది. 20వ శతాబ్ది మధ్యకాలంలో హైదరాబాదు నుంచి కలకత్తాకు సాగిన ఫుట్‌బాల్ క్రీడాకారుల వలసను ఆ సమాధానంతో పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హైదరాబాదు ఫుట్‌బాల్, రహీం, బదిలీ, పోస్టింగ్ పద్ధతి, శిక్షణ పరిహారం.

1. ఉపోద్ఘాతం
నయాపూల్ దాటి పాతబస్తీలో అడుగుపెట్టేచోట మూసీ ఒడ్డున సిటీ కళాశాల ఉంది. ఆ కళాశాల విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలిసి ఆడిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులో ఆడినవారిలో సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం 1950 నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానంలో నిలిచింది.

2. నిలిచినవారు – వెళ్లినవారు
పోలీసు జట్టులో ఆటగాడికి దక్కేది ప్రధానంగా ఉద్యోగభద్రత. నెలజీతం, పదోన్నతి, పదవీవిరమణ తర్వాత పింఛను అతణ్ణి సొంత ఊళ్లో నిలిపే బలాలు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడిన యూసుఫ్ ఖాన్ ఈ మార్గంలో కొనసాగారు. కలకత్తా ఇచ్చేది వేరు. అక్కడ నిండిన మైదానం, పత్రికల్లో పేరు, పెద్ద క్లబ్బుల ఆదరణ ఉండేవి. సికిందరాబాదు అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1966లో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అదే క్లబ్బుకు వెళ్లారు. హబీబ్ ఆ తర్వాత మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకూ ఆడారు. ఆయన తమ్ముడు అక్బర్‌ కూడా అదే బాట పట్టారు.

కలకత్తాలో ఆటగాడు సాధారణంగా ఒక్కో సీజనుకు ఒక్కో క్లబ్బు పేరిట సంతకం చేసేవాడు. సీజను ముగిశాక మరో క్లబ్బుకు మారవచ్చు. కాబట్టి పోటీ అంతా సంతకం చుట్టూ తిరిగింది. ప్రత్యర్థులకు దొరక్కుండా ఆటగాణ్ణి దాచిపెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆట చట్టరీత్యా ఔత్సాహికమే కనుక, అతణ్ణి తీర్చిన తొలి జట్టుకు పరిహారం చెల్లించాలన్న స్థిరమైన నియమం ఈ ఏర్పాటులో లేదు.

3. జపాన్ పద్ధతి
జపాన్‌లో ఆటగాడు తన క్లబ్బు అనుమతి లేకుండా అమెరికాకు వెళ్లాలంటే 9 సీజన్ల సేవాకాలం పూర్తిచేయాలి. ఈ నిబంధనను దాటడానికి హిదేయో నోమో జపాన్‌లో విరమణ ప్రకటించి, 1995లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో చేరారు. ఇలాంటి వివాదాల పర్యవసానంగా 1998లో ‘పోస్టింగ్’ పద్ధతి ఏర్పడింది. దాని ప్రకారం క్లబ్బు అంగీకరిస్తే గడువుకు ముందే ఆటగాణ్ణి అమెరికా జట్ల ముందు ఉంచవచ్చు. మొదట్లో ఇది మూసిన పాట. అత్యధిక మొత్తం పాడిన జట్టుకే సంప్రదింపుల హక్కు దక్కేది. 2000లో ఇచిరో సుజుకీ కోసం సియాటిల్ మారినర్స్ పాడిన మొత్తం 1 కోటి 31 లక్షల 25 వేల డాలర్లు. ఆటగాడితో ఒప్పందం కుదిరితేనే ఆ సొమ్ము జపాన్ క్లబ్బుకు చేరేది.

2018 నుంచి పరిహారం ఒప్పందం విలువను బట్టి నిర్ణయమవుతోంది. హామీ ఇచ్చిన మొత్తంలో తొలి 2.5 కోట్ల డాలర్లపై 20 శాతం, తర్వాతి 2.5 కోట్లపై 17.5 శాతం, ఆపైన 15 శాతం చెల్లించాలి. ఉదాహరణకు ఒప్పందం 6 కోట్లదైతే తొలి క్లబ్బుకు 50 లక్షలు, 43.75 లక్షలు, 15 లక్షలు కలిపి 1 కోటి 8 లక్షల 75 వేల డాలర్లు అందుతాయి. ఈ సొమ్ము ఆటగాడి జీతంలోంచి కోసేది కాదు. అమెరికా జట్టు అదనంగా చెల్లించేది.

4. తులనాత్మక పరిశీలన
రెండు సందర్భాల్లోనూ వలసకు కారణం ఒకటే: పెద్ద వేదిక, మెరుగైన ప్రతిఫలం. భేదం నష్టాన్ని ఎవరు భరిస్తారన్న దగ్గర ఉంది. జపాన్‌లో ఆ భారంలో కొంత తీసుకెళ్లిన జట్టుపై పడింది. హైదరాబాదులో అది పూర్తిగా శిక్షణ ఇచ్చినవారిపైనే పడింది. రహీం తర్వాత పోలీసు జట్టు మునుపటి ఆధిపత్యాన్ని తిరిగి పొందలేదు. దానికి వలస ఒక్కటే కారణమనడం తొందరపాటు అవుతుంది. అయితే వెళ్లినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేయడానికి వలస నుంచే నిధి సమకూరే మార్గం లేకపోయిందన్నది స్పష్టం.

జపాన్ పద్ధతి నిర్దోషమైనదీ కాదు. క్లబ్బు అనుమతించకపోతే 9 సీజన్లు ఆటగాడికి కట్టుబాటే. తనకు నచ్చినప్పుడు వెళ్లగలిగే స్వేచ్ఛ కలకత్తాలో హబీబ్‌కు ఎక్కువగా దక్కింది. 2001 నుంచి అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నియమావళిలో ఉన్న శిక్షణ పరిహారం, బదిలీ రుసుంలో 5 శాతం సంఘీభావ వాటా ఈ రెండింటి మధ్యేమార్గంగా భావించవచ్చు.

5. ముగింపు
ఆటగాడు వెళ్లడం తప్పు కాదు. అతణ్ణి పెంచిన మైదానం వట్టిచేతులతో మిగలడమే సమస్య. పాతబస్తీ క్రీడాచరిత్రను బలరాం, హబీబ్ వంటి వ్యక్తుల కీర్తిగాథలుగా మాత్రమే కాక, వారిని తయారుచేసిన కళాశాలలు, బడులు, పోలీసు జట్ల చరిత్రగానూ అధ్యయనం చేయాల్సిన అవసరాన్ని ఈ పోలిక సూచిస్తోంది.