చెఱకు కనిపించు వఱకు

మన ద్వీపమున ఏ ఊరినుండి బయలుదేరినను రెండు గంటలలో సముద్రము అడ్డు వచ్చును. అట్టి నేలపై పెరిగిన మేము దంపతులము, పిల్లల పెండ్లిండ్లు ముగిసిన పిమ్మట, 2019 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాకు వెళ్లి కేపుటౌను నుండి డర్బను వఱకు కారులో పయనించితిమి. దారి సుమారు 1,650 కిలోమీటర్లు. అచ్చటను మన దేశమునందువలె బండ్లు ఎడమప్రక్కనే నడచును. ఒకరము నడుపుచుండ ఒకరము పటము చూచుచు పది దినములు గడపితిమి.

జార్జి పట్టణము దాటి ఔటెనిక్వా కనుమ ఎక్కితిమి. సముద్రమువైపు కొండ అంతయు పచ్చదనము. కనుమ దాటినంతనే ఎఱ్ఱని మెట్టనేల. మబ్బులు కొండకు తగిలి ఇవతలనే కురియుటచే అవతల వాన కొఱత. లిటిల్ కరూ అను ఆ సీమలో పశువులకు మారుగా నిప్పుకోళ్లు మేయుచుండెను.

అచ్చటినుండి స్వార్ట్‌బర్గ్ కనుమకు పోతిమి. దాని ఎత్తు 1,500 మీటర్లకు మించినది. మన ద్వీపమున అత్యున్నత శిఖరము 828 మీటర్లే. మట్టిదారి కొండను చుట్టి చుట్టి ఎక్కును. సున్నము లేక పేర్చిన రాతిగోడలే దానికి ఆధారము. 1888లో తెఱచిన ఆ దారిని కట్టించినవాడు థామస్ బెయిన్; రాళ్లు మోసినవారు ఖైదీలు. ఔటెనిక్వా దారిలోను ఇటలీ యుద్ధఖైదీలు పనిచేసిరి. కట్టించినవాని పేరు గ్రంథములలో నిలిచినది, మోసినవారి పేర్లు మాకెచ్చటను కానరాలేదు. ఆ గోడల యెదుట నిలిచినపుడు, మన చెఱకు తోటల నడుమ తాతలు ఏరి పేర్చిన నల్లరాళ్ల గుట్టలు జ్ఞాపకము వచ్చెను.

పిదప అడవుల నడుమ, నదికి 216 మీటర్ల ఎత్తున నున్న బ్లూక్రాన్స్ వంతెన దాటితిమి. ట్రాన్స్‌కై సీమలో గుండ్రని ఇండ్లు, దారికి అడ్డముగ నడచు ఆవులు. నెల్సన్ మండేలా బాల్యము గడచిన కూనూ గ్రామము ఆ దారిప్రక్కనే యున్నది.

పోర్ట్ షెప్‌స్టన్ దాటిన పిమ్మట చెఱకు కనిపించెను. ఇద్దరమును మాటలు మఱచితిమి. బండి ఆపి ఒక ఆకు త్రుంచి వాసన చూచితిమి. అది మన ఇంటి వాసనయే.

1860 నవంబరు 16న మదరాసు నుండి వచ్చిన ట్రూరో అను ఓడ తొలి కూలీలను ఆ తీరమున దించెను. 1911 వఱకు 1,52,000 మందికి పైగా వచ్చిరి. వారిలో తెలుగువారు అనేకులు. మన పెద్దలలో పలువురు కోరంగి రేవున ఓడ ఎక్కి ఇటు వచ్చిరి. ఒకే ఊరి అన్నదమ్ములు రెండు ఓడలలో విడిపోయి యుండవచ్చును.

డర్బనులో ఒక గుడియందు ఒక వృద్ధురాలు మమ్ము చూచి, “అమ్మా, మీ ఇంటిపేరేమి?” అని తెలుగున అడిగిరి. మేము చెప్పితిమి. వారి మనుమలతో మాటలాడబోగా ఇంగ్లీషుననే బదులు వచ్చెను. రామభజన మొదలయిన పిమ్మట మాత్రము ఆ పిల్లలును మాతో గొంతు కలిపిరి. సంతోషమును దిగులును ఒక్కసారే కలిగెను.

సోదర సోదరీమణులారా! రాయి మోసినవాని పేరు రాయి చెప్పదు, మనుమలు చెప్పవలెను. మీ ఇంటి పెద్దలు ఉండగనే ఇంటిపేరు, ఊరిపేరు అడిగి వ్రాసికొనుడు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థయందు వలస కూలీల దస్తావేజులు భద్రముగ నున్నవి. దూరదేశములు చూడవలెనను కోరిక మంచిదే. ముందుగా పిల్లలను వెంటగొని ఆ చిన్న ప్రయాణము చేయుడు.